ఆటో మోడ్ లేని ఇంజినీరు

నేను డీఎస్ఎల్ఆర్ కొన్నది 2008లో. ఆన్‌సైట్ నుంచి తిరిగొస్తున్న కొలీగ్‌ని బతిమాలి నికాన్ డీ60 తెప్పించుకున్నా. పది మెగాపిక్సెళ్ళు, 18-55 కిట్ లెన్సు. ఆ రోజుల్లో మా ఫ్లోర్‌లో క్యూబికిల్‌కో ఫోటోగ్రాఫర్ ఉండేవాడు లెండి. శనివారం గోల్కొండ, ఆదివారం శిల్పారామం, సోమవారం పొద్దున అందరి మానిటర్ల మీదా కొత్త వాల్‌పేపర్లు.

మొదటి నెలంతా ఆటో మోడ్‌లోనే గడిచింది. "ముప్పై వేలు పోసి కొని ఆటోలో తిరుగుతావేంట్రా!" అని పక్క సీటువాడు ఎగతాళి చేసేసరికి పౌరుషం వచ్చి డయల్ మాన్యువల్‌కి తిప్పా. కష్టాలు అక్కడ మొదలయ్యాయి. ఎఫ్ పక్కన అంకె పెరిగితే లెన్సు కన్నం చిన్నదవుతుందని బుర్రకెక్కడానికి వారం పట్టింది. అది భిన్నంలో కింద ఉండే అంకె అని ఎవరైనా ముందే చెప్పుంటే అయిదు నిమిషాల పని. షట్టర్ స్పీడ్, ఐఎస్ఓ కూడా కలిపితే మూడు వేరియబుల్స్, ఒక ఈక్వేషన్. మనకి అలవాటైన వ్యవహారమే కదా అనుకున్నా.

ఆ సంక్రాంతికి తెనాలి దగ్గర మా ఊరికి కెమెరా పట్టుకెళ్ళా. ముందురోజు రాత్రి భోగిమంట తీద్దామని ఐఎస్ఓ 1600 పెట్టి, షట్టర్ బాగా తగ్గించి, పొద్దున మార్చడం మర్చిపోయా. ఎండలో అరుగు మీద కూర్చున్న నాయనమ్మని తీస్తే తెల్ల కాగితం వచ్చింది. సరిచేసి మళ్ళీ తీస్తే నల్లగా వచ్చింది. నేను మెనూల్లో వెతుక్కుంటుంటే ఆవిడ పమిట సర్దుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బిగుసుకుపోయి కూర్చుంది. "ఫోటో తీస్తావా, లెక్కలు చేసుకుంటావా రా అబ్బాయ్?" అంది చివరికి. నలభై మూడు ఫోటోలు తీశా. చివరి పదిట్లో ఎక్స్‌పోజర్ బ్రహ్మాండం. కానీ అందులో ఉన్నది మా నాయనమ్మ కాదు, ఆధార్ ఫోటోకి కూర్చున్న మనిషి (అప్పటికింకా ఆధార్ లేదనుకోండి).

హైదరాబాద్ తిరిగొచ్చాక రాజా దీన్‌దయాళ్ ఫోటోల పుస్తకం ఒకటి చేతికొచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అని పేరు విన్నాను గానీ, ఈయన ఇంజినీర్ అని అప్పుడే తెలిసింది. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో జైన కుటుంబంలో పుట్టాడు. రూర్కీ థామసన్ కాలేజీలో సివిల్ ఇంజినీరింగ్ చదివి 1866లో బయటికొచ్చాడు. ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ వాళ్ళ దగ్గర అంచనాలు వేసే ఉద్యోగం, డ్రాయింగులు గీసే ఉద్యోగం. ముప్పై ఏళ్ళ వయసులో, 1870ల మధ్యలో, హాబీగా కెమెరా పట్టాడు. అచ్చం మనలాగే! ఆ తర్వాత మొదట ఉద్యోగానికి పొడుగాటి సెలవు, పిమ్మట ఉద్యోగానికే సెలవు. ఈ రెండో భాగంలో మాత్రం మనం ఆయన్లాగా కాదు, ఈఎంఐలు ఒప్పుకోవు.

ఆయన నేర్చుకునే రోజుల్లో ఫోటో అంటే ఏమిటో కాస్త ఊహించండి. అప్పుడు చలామణిలో ఉన్నది 1851లో ఆర్చర్ అనే ఇంగ్లీషాయన కనిపెట్టిన తడిపలక పద్ధతి. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురులాంటి ద్రావణం పోసి, చీకట్లో వెండి ఉప్పు నీళ్ళలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫోటో తీసి, ఆ తడి మీదే కడిగెయ్యాలి. మొత్తం తతంగానికి పది, పదిహేను నిమిషాలు. మన దేశపు ఎండలో అంతకన్నా తక్కువే. కోట ఫోటో కావాలంటే కోట పక్కనే చీకటి గుడారం వెయ్యాలి. దాని చురుకుదనం ఇప్పటి లెక్కలో ఐఎస్ఓ 1 చుట్టుపక్కల ఉంటుందని అంటారు. నా కెమెరాలో అన్నిటికన్నా తక్కువది 100! ఎలక్ట్రిక్ లైట్ మీటర్లు వచ్చింది 1930ల్లో కాబట్టి వెలుతురు లెక్కంతా కంటితోనే. తప్పయితే పలక పోయినట్టే.

1871లో మాడక్స్ అనే డాక్టర్ జెలటిన్ పూసిన పొడిపలక సంగతి ప్రకటించాడు. అది మెరుగుపడి, 1880ల్లో ఫ్యాక్టరీల్లో తయారై వచ్చాక గుడారం గొడవ వదిలింది. దీన్‌దయాళ్ ఎదిగింది సరిగ్గా ఆ మలుపులో. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు, 1894లో నిజాం 'ముసవ్విర్ జంగ్' బిరుదిచ్చాడు, 1896లో బొంబాయిలో ఇంకో స్టూడియో. బిరుదుల లిస్టు నాకంత ముఖ్యం కాదు. నన్ను ఆపేసింది 1892 నాటి ఒక సంగతి.

ఆ ఏడు హైదరాబాద్‌లో ఆయన జనానా స్టూడియో తెరిచాడు. పరదా పాటించే స్త్రీలు మగ ఫోటోగ్రాఫర్ ముందు కూర్చోరు. కాబట్టి వాళ్ళ కోసం వేరే స్టూడియో, చుట్టూ ఎత్తు గోడలు, లోపల కెమెరా దగ్గర ఒక ఇంగ్లీషావిడ. అంటే అంత పేరున్న ఫోటోగ్రాఫర్, కూర్చునే మనిషికి ఇబ్బంది అని, తనే గది బయట ఉండిపోయాడన్నమాట. వ్యాపార తెలివి కూడా ఉంది, కాదనను. కానీ నేను అరుగు దగ్గర ఏం చేశానో నాకు గుర్తొచ్చింది. మూడు వేరియబుల్స్ చూసుకున్నా, నాలుగోది ఎదురుగా కూర్చుని నడుం నొప్పితో విసుక్కుంటోంది.

ఆయన 1905లో పోయాడు. మిగిలిన గాజు నెగెటివ్‌లలో 2857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో సేకరించింది. వందేళ్ళ తర్వాత కూడా వాటి నుంచి ప్రింటు తీస్తున్నారు. నా 2009 ఫోటోల సీడీల్లో సగం ఇప్పుడు ఏ డ్రైవూ చదవట్లేదు, అది వేరే ఏడుపు.

మళ్ళీ ఉగాదికి ఊరెళ్ళినప్పుడు ముందే అరుగు మీద మా తమ్ముణ్ణి కూర్చోబెట్టి లెక్కలన్నీ వాడి మీద చూసుకున్నా. కన్నం 5.6, షట్టర్ సెకనులో అరవయ్యో వంతు, ఐఎస్ఓ 400. తర్వాత నాయనమ్మ వచ్చి చింతకాయ తొక్కు గురించి మా అమ్మకి క్లాసు పీకడం మొదలెట్టింది. కెమెరా ఒళ్ళోనే ఉంది. ఒక్కసారి ఎత్తా, నొక్కా, దించేశా. చెయ్యి కదిలి కొంచెం మసగ్గా వచ్చింది, వేలు చూపిస్తూ కోప్పడుతోంది అందులో.

2011లో ఆవిడ పోయినప్పుడు గోడకి ఏ ఫోటో కట్టించాలన్న ప్రశ్న వచ్చింది. నేను సంక్రాంతివి స్పష్టంగా ఉన్నాయన్నా. నాన్న అవి పక్కన పెట్టి మసగ్గా ఉన్నదే తీసుకెళ్ళారు.