పి.జి. సైన్సు సీటు: పెద్దకడుబూరు నుంచి చూస్తే

ఎం.ఎస్‌సి. ప్రవేశాల్లో సమానావకాశం అనగానే మీకు ర్యాంకులు, రిజర్వేషన్ శాతాలు గుర్తుకు వస్తాయి. చరిత్ర విద్యార్థిగా మీరు సరిహద్దులను, దూరాన్ని కూడా గమనించాలి. ఆదోని, ఎమ్మిగనూరుల మధ్య ఉన్న పెద్దకడుబూరును ఉదాహరణగా తీసుకుందాం.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు ఆదోని తాలూకా మద్రాసు రాష్ట్రంలోని బళ్లారి జిల్లాలో ఉండేది. అందువల్ల ఈ ప్రాంత విద్యార్థులకు వర్తించినది మద్రాసు ప్రభుత్వ కమ్యూనల్ జి.ఓ. దాని ప్రకారం వైద్య, ఇంజనీరింగ్ కళాశాలల్లో ప్రతి 14 సీట్లను మతాల, కులాల వారీగా పంచేవారు. బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, హరిజనులకు 2, బ్రాహ్మణులకు 2, ముస్లింలకు 1, ఆంగ్లో ఇండియన్లకు, క్రైస్తవులకు కలిపి 1. చంపకం దొరైరాజన్ కేసులో 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ పద్ధతి చెల్లదన్నది. దాదాపు రెండు నెలల్లోనే పార్లమెంటు మొదటి సవరణ ద్వారా 15(4) అధికరణాన్ని చేర్చింది. ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన తరగతుల జాబితా 1968లో పి. సాగర్ కేసులో వీగిపోయింది. అనంతరామన్ కమిషన్ నివేదిక ఆధారంగా తయారైన కొత్త జాబితా 1972లో బలరాం కేసులో నిలిచింది. ఈ వివాదాలు వైద్య విద్యకు సంబంధించినవే అయినా, వాటిలో తేలిన సూత్రం ఎం.ఎస్‌సి.కీ వర్తిస్తుంది.

ఇక ప్రాంతం సంగతి. 1969, 1972 ఉద్యమాల తరువాత 1973లో ఆరు సూత్రాల పథకం, దాని నుంచి 371-డి అధికరణం వచ్చాయి. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు రాష్ట్రాన్ని ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల పేర మూడు స్థానిక ప్రాంతాలుగా విభజించి, 85 శాతం సీట్లను స్థానికులకు కేటాయించింది. కర్నూలు జిల్లా శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతంలోకి వచ్చింది. కోస్తా విద్యార్థులతో నేరుగా పోటీ పడవలసిన అవసరం తగ్గింది కాబట్టి రాయలసీమకు ఇది మేలే.

అయితే స్థానికుడు ఎవరు? అర్హత పరీక్ష రాసిన సంవత్సరంతో ముగిసే వరుస నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివినవారు. ఇక్కడొక చిక్కు ఉంది. పెద్దకడుబూరులో పుట్టి పెరిగిన అమ్మాయి బంధువుల ఇంట ఉండి బళ్లారిలో బి.ఎస్‌సి. చదివిందనుకోండి. ఒకప్పటి జిల్లా కేంద్రం ఇప్పుడు మరో రాష్ట్రం. ఆ మూడేళ్ల చదువు వల్ల సొంత జిల్లాలోనే ఆమె స్థానికేతరురాలయ్యేది. ఉత్తర్వు చూసింది పుట్టిన ఊరిని కాదు, చదివిన చోటును. సరిహద్దు పల్లెల అవసరాలను అది సరిగా పట్టించుకోలేదనే చెప్పాలి.

స్థానిక హోదా దొరికినా ప్రయాణం తప్పదు. 1954లో తిరుపతిలో విశ్వవిద్యాలయం వెలిసింది. పెద్దకడుబూరు నుంచి ఆదోని చేరి, రైల్లో గుంతకల్లు, కడప, రేణిగుంటల మీదుగా 350 కిలోమీటర్లకు పైగా వెళ్లాలి. ఆర్ట్స్ పుస్తకాలను ఇంట్లో చదువుకోవచ్చు. రసాయనశాస్త్ర ప్రయోగాలు ఇంట్లో సాగవు. ప్రయోగశాల ఉన్న ఊళ్లో ఉండాల్సిందే. అంటే హాస్టలు ఖర్చు, దానితోపాటు ఆడపిల్లను అంత దూరం పంపాలా అనే ప్రశ్న. 1981లో అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ, 2008లో కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక ఈ దూరం బాగా తగ్గింది. నా దృష్టిలో ఈ ప్రాంతపు అమ్మాయిలకు ఏ శాతం పెంపు కన్నా ఇదే ఎక్కువ ఉపయోగపడింది.

మరో అడ్డంకి భాష. 1968లో స్థాపించిన తెలుగు అకాడమీ బి.ఎస్‌సి. వరకు తెలుగులో పాఠ్యపుస్తకాలు తెచ్చింది. ఎం.ఎస్‌సి. మాత్రం ఇంగ్లీషులోనే సాగింది. "జడత్వం" అని నేర్చుకున్న విద్యార్థి "ఇనర్షియా" అన్న మాట విని తడబడితే, ఆ తడబాటు ఏ ప్రవేశ పట్టికలోనూ కనిపించదు.

ఈ భాగం ముగించే ముందు ఒక పని చేయండి. మీ మండలం నుంచి ఎం.ఎస్‌సి. ప్రయోగశాల ఉన్న కళాశాలకు దూరం ఎంతో, 1980లో ఎంత ఉండేదో మీ ఇంటి పెద్దలను, పాత అధ్యాపకులను అడిగి రాసుకోండి. వచ్చే సంప్రదింపు తరగతికి ఆ కాగితం తీసుకురండి.