గడపయు మందసమును: కొయ్యసామాను సంరక్షణ చరిత్రము



రాతిపని చేసిన శిల్పి కీర్తి గుడిగోడలపై నిలుచును. కొయ్యపని చేసిన వడ్రంగి కీర్తి మాత్రము ఇంటివారి చేతిగుడ్డపై ఆధారపడియుండును. హంపిలోని రాజప్రాసాదముల రాతిపీఠములు నేటికిని కలవు. వానిపై నిలిచిన కొయ్యస్తంభములును కప్పులును నశించినవి. 1565 సంవత్సరపు రక్కసితంగడి యుద్ధానంతరము విజయనగర ప్రభువులు పెనుకొండను రాజధానిగా జేసికొనిరి. ఆ పెనుకొండకు చేరువనున్న మన కొత్తచెరువు ప్రాంతమున రాజభవనములు లేవు. పాతమిద్దెలలో ద్వారబంధములు, దూలములు, మందసములు, పీటలు కలవు. మన వంశచరిత్ర వానియందే యున్నది.

కొయ్యసామానును శాస్త్రముగా నెంచుట మనకు క్రొత్తగాదు. ఆఱవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు తన బృహత్సంహితయందు శయ్యాసనములకు ప్రత్యేకముగా నొక అధ్యాయమునే కేటాయించి, శాకము, శింశుప, చందనము మున్నగు ఏ మ్రాకులు మంచములకు తగునో వివరించెను. శాకమనగా మన టేకే. మ్రాకు నెన్నుకొనుట వడ్రంగి విద్య. పిదప దానిని కాచుట గృహస్థుని ధర్మము.

1882లో బళ్లారినుండి విడివడిన అనంతపురము జిల్లాలో ఏటి సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. (2022 నుండి కొత్తచెరువు శ్రీ సత్యసాయి జిల్లాలోనిది.) తేమ తక్కువగుటచే కొయ్య త్వరగా కుళ్లదు, కాని యెండకు బీటలువాఱును, చెదలు పట్టును. గడపను నిత్యము కడిగి పసుపు రాయుట మన ఆచారము. ఆచారము మంచిదే; కాని కడిగిననీరు ద్వారబంధపు అడుగున నిలిచినచో ఆ పాదమే మొదట పుచ్చును. కావున కడిగిన వెంటనే పొడిగుడ్డతో తుడువవలెను.

నూనె విషయమున పలువురు పొరబడుదురు. ఆముదము గాలికి గట్టిపడదు. జిగురుగా నిలిచి దుమ్ము పట్టును. బండియిరుసునకు ఆముదము తగును గాని భోషాణమునకు తగదు. అవిసెనూనె గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడును. కావున పలుచగా రాసి, మిగిలినదానిని తుడిచివేయవలెను. ఆ నూనెగుడ్డలను మూటగట్టి పడవేయరాదు. వానియంతట అవియే వేడెక్కి అంటుకొనును. నీటిలో తడిపి, విప్పి ఆరవేయవలయును.

మెఱుగునకు మూలమైనది లక్క. రేగు, మోదుగు మ్రాకులపై బ్రతుకు చిఱుపురుగు దీనిని స్రవించును. 1781లో జేమ్స్ కెర్ దీని వృత్తాంతమును వ్రాసెను. 1791లో మన సామర్లకోటయందుండిన విలియం రాక్స్‌బర్గ్ ఈ పురుగును గూర్చి లండను రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించెను. రాంచీ చెంత నామ్‌కుమ్‌లో 1924లో లక్క పరిశోధనాలయము వెలసెను. ఏటికొప్పాక బొమ్మలకు నేటికిని వన్నె దెచ్చునది లక్కయే. ఆ లక్కను స్పిరిటులో కరగించి పూయు పద్ధతియే పాతబీరువాలకు, కుర్చీలకు కనబడు పాలిషు.

కావున పాతసామాను చేతికి వచ్చినప్పుడు తొందరపడి గరుకుకాగితముతో గీకరాదు. మొదట మెత్తని గుడ్డతో దుమ్ము తుడువుడు. చెక్కడపు పనిలో కుంచె వాడుడు. కుంకుడురసమున గుడ్డను ముంచి, గట్టిగా పిండి, కొంచెము కొంచెముగా తుడిచి, వెంటనే ఆరగుడ్డ పట్టుడు. పిదప మరుగుచోట ఒక చుక్క స్పిరిటు వేసి చూడుడు. జిగురుదేరినచో అది లక్కపూత. అట్టిదానిపై వేడిపాత్ర పెట్టినను, నీరు నిలిచినను తెల్లమచ్చ పడును. సామాను కాళ్లక్రింద కడపరాతి బిళ్లలు పెట్టి, గోడకు జానెడు దూరమున నుంచినచో చెదల మట్టిదారి కంటబడును. సన్నని పిండివంటి పొడి రాలుచున్నచో పుచ్చుపురుగు పట్టినదని తెలిసి, వడ్రంగిని పిలువవలయును.

నేడు పాతమిద్దెలు కూలుచున్నవి. చెక్కడపు తలుపులు కొనువాడు చెప్పిన ధరకే బండ్లెక్కి పట్టణములకు పోవుచున్నవి. మిద్దె నిలుపుట అందఱకు సాధ్యముగాదు; అమ్ముకొనుట కొందఱకు తప్పదు. అట్టివారిని నిందింపరాదు. అయినను అమ్మకముందు ఒక్కమాఱు తుడిచి, అది యే మ్రానిదో, ఎవరికాలమున చేయించిరో పెద్దలనడిగి వ్రాసియుంచుడు. ఉలిపట్టిన పెద్దల పేరు ఏ శాసనమునను లేదు. వారు మనకిచ్చిన శాసనము ఆ గడపయే. దానిని చదువగలుగునంత శుభ్రముగా నుంచుట మన కనీసధర్మము.