ఇంటిపేరు, నెత్తురు, కులం: తండ్రి వరుస డి.ఎన్.ఏ. ఏం చెప్తున్నది?

పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఆత్మకూర్ అమరచింత సంస్థానానికి రాజధాని. ఆ సంస్థానాధీశుల వంశావళి పుస్తకాలకెక్కింది. అదే సీమలో మాదిగవాడ వంశావళి మాత్రం కాగితం మీద లేదు, దక్కలివాళ్ల నోట్లో ఉన్నది. దక్కలి పటం విప్పి జాంబపురాణం చెప్తడు. భూమికంటే ముందే పుట్టిన జాంబవుని మొదలుకొని వాడలోని ఇంటిపేర్ల దాకా వరుస కలుపుతడు. చదువుకున్న చరిత్రకారులు మొదటిదాన్ని ఆధారమన్నరు, రెండోదాన్ని కట్టుకథ అన్నరు. ఇప్పుడు మూడో వంశావళి ఒకటి ముందుకొచ్చింది. ఇది మనిషి ఒంట్లోనే రాసి ఉన్నది. దీన్ని చదివే పని ప్రయోగశాలలది. చదివినదానికి అర్థం చెప్పే పని మాత్రం వాళ్లకొక్కరికే వదిలిపెట్టేది కాదని మేము భావిస్తున్నాము.

వై క్రోమోజోము తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వస్తది, బిడ్డకు రాదు. అచ్చం ఇంటిపేరు నడిచినట్టే నడుస్తది. నకలు రాసే కరణం చేయి జారి ఒక అక్షరం మారినట్టు, తరాలు గడిచేకొద్దీ అందులో ఎక్కడో ఒకచోట మార్పు పడ్తది. ఆ మార్పు పడ్డవాని కొడుకులు, మనుమలు, మునిమనుమలు అందరిలో అది ఉండిపోతది. ఒకే మార్పు ఉన్న మగవాళ్లకు వెనుక ఎక్కడో ఒకే తాత ఉన్నట్టు లెక్క. మార్పులు ఎన్ని పేరుకున్నయో చూసి ఆ తాత ఎన్నేండ్ల కిందివాడో అంచనా కడ్తరు. ఈ శాఖలకు హెచ్, ఎల్, ఆర్2, ఆర్1ఎ అని అక్షరాలు పెట్టుకున్నరు. హెచ్ ఈ ఉపఖండంలో చాలా పాతది, దక్షిణాది దళితులలో, ఆదివాసులలో విరివిగా కనిపిస్తది. అయితే ఒక్కటి మరువొద్దు. పది తరాలు వెనక్కి పోతే ఒక మనిషికి 1,024 మంది పూర్వీకులు లెక్కకొస్తరు. వై చెప్పేది వాళ్లలో ఒకే ఒక్క మగవాని సంగతి.

తెలుగు నేల మీద ఈ చర్చ 2001లో రాజుకున్నది. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ బామ్‌షాద్ బృందం, ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులతో కలిసి విశాఖపట్నం జిల్లాలో ఎనిమిది కులాలకు చెందిన దాదాపు 265 మంది మగవాళ్ల నమూనాలను పరీక్షించింది. బ్రాహ్మణ, క్షత్రియ, వైశ్య, కాపు, యాదవ, రెల్లి, మాల, మాదిగ – ఇవీ ఆ కులాలు. తండ్రి వరుసలో కులం మెట్టు పైకి పోయినకొద్దీ యూరపువాళ్లతో, ముఖ్యంగా తూర్పు యూరపువాళ్లతో దగ్గరితనం పెరుగుతున్నదని వాళ్లు తేల్చిండ్రు. 1873లో ‘గులాంగిరి’లో జోతిబా ఫూలే చెప్పింది శాస్త్రమే రుజువు చేసిందని మనవాళ్లు చాలామంది సంబరపడ్డరు. ఆ సంబరం వెనుక అవసరం ఉన్నది. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన పంచమ మహాసభ తన పేరును ‘ఆది ఆంధ్ర’ అని మార్చుకున్నది. ఊరి బయటికి నెట్టబడ్డ మనిషికి ‘ఊరికంటే ముందు నేనున్న’ అనే మాట ఎంత బలమో అక్కడ తెలుస్తది.

మరి రెండేండ్లకే, 2003లో, ఇంకో ఫలితం వచ్చింది. కివిసిల్డ్ తదితరులు చెంచుల నమూనాలు చూస్తే, మగవాళ్లలో నాలుగో వంతు మందికి పైగా ఆర్1ఎ ఉన్నది. అమ్రాబాద్ అడవిలోని చెంచులు ఆత్మకూర్‌కు ఎంతో దూరంవాళ్లు కాదు. ఆర్1ఎ అంటే ఆర్యులే అయితే, చెంచులు ఆర్యులా? అవతలి పక్షం దీన్ని అందిపుచ్చుకొని, ఆర్1ఎ ఇక్కడే పుట్టింది, బయటినుంచి ఎవరూ రాలేదు, ఆర్యుల రాక తెల్లోళ్ల కల్పన అని ప్రచారం చేసింది.

ఆ ప్రచారం నిలబడలేదు. 2015, 2016 నాటికి వై క్రోమోజోమును మరింత సన్నంగా చదివే పద్ధతులు వచ్చినయి. మన దగ్గరి ఆర్1ఎలో అత్యధిక భాగం జెడ్93 అనే ఉపశాఖ అని, అది దక్షిణాసియాలో 4,500–4,000 ఏండ్ల కింద వేగంగా పెరిగిందని తేలింది. ఈ లెక్కలో బ్రిటన్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్ల నమూనాలు కూడా ఉన్నయి. (విమానమెక్కి పోగలిగిన తెలుగువాళ్లు ఎక్కువగా ఎవరో పాఠకులకు చెప్పనక్కరలేదు.) 2019లో ప్రాచీన ఎముకల డి.ఎన్.ఏ. వచ్చింది. స్టెప్పీ మైదానాల పశుపాలకుల నెత్తురు క్రీ.పూ. 2000–1500 మధ్య ఇటు చేరిందని, అది ఎక్కువగా మగవాళ్ల ద్వారా వ్యాపించిందని చెప్పిండ్రు. రాఖీగఢీలో 61 నమూనాలు పరీక్షిస్తే ఒక్కటే పలికింది. అందులో స్టెప్పీ జాడ లేదు. అది ఆడమనిషిది గనుక తండ్రి వరుస గురించి చెప్పేదే లేదు.

కాబట్టి వచ్చినవాళ్లు వచ్చిండ్రు. కానీ అంతటితో ‘వాళ్లు ఆర్యులు, మనం మూలవాసులం’ అని గీత గీయగలమా? గీయలేము. హైదరాబాద్‌లోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు కుమారసామి తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికాలోని డేవిడ్ రైక్‌తో కలిసి 2009లో ఇచ్చిన ఫలితాల్లో మాల, మాదిగ, చెంచు, వెలమ, వైశ్య నమూనాలున్నయి. కలవని నెత్తురు వీళ్లలో ఎవరికీ లేదు. పాళ్లు తేడా, అంతే. 2013లో ఇదే దారిలో సాగిన పరిశోధన ఈ కలయిక సుమారు 4,200–1,900 ఏండ్ల కింది దాకా జరిగిందని, తర్వాత ఆగిపోయిందని చెప్పింది. మా దృష్టిలో అసలు విషయం ఈ ఆగిపోవడమే. కులమంటే లోపలి పెండ్లి అని అంబేద్కర్ 1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన వ్యాసంలో చెప్పిండు. 1948లో ‘అన్‌టచబుల్స్’లో ఘుర్యే ఇచ్చిన ముక్కు కొలతలనే ఎదురు తిప్పి, బ్రాహ్మణునికి, అంటరానివానికి జాతి భేదం లేదని వాదించిండు. ముక్కు కొలిచే శాస్త్రం పోయింది, ఆయన ప్రశ్న ఉన్నది. వైశ్యులలో రెండు మూడు వేల ఏండ్లుగా బయటి నెత్తురు దాదాపు కలవలేదని తేలింది. ఆపరేషనుకు ముందు మత్తు డాక్టర్లు ‘మీరు కోమట్లా?’ అని అడగడం వెనుక కారణం ఇదే: కండరాలను సడలించే ఒక మందు వాళ్లలో కొందరికి పడదు.

రేపు మాల మాదిగల వర్గీకరణ వాదంలోకి కూడా ఈ నెత్తురు లెక్కలను లాగేవాళ్లు ఉంటరు. వర్గీకరణకు ఆధారం వెనుకబాటు, తాత ఎవరన్నది కాదు.

పెండ్లి తలుపు మూసిండ్రు సరే, అన్ని తలుపులూ మూసిండ్రా? పాలమూరు, నల్లగొండల్లో జోగిని ఆచారం ఏం చేసిందో మనకు తెలుసు. 1988లో నిషేధ చట్టం వచ్చింది. జోగినికి పుట్టిన కొడుక్కి తండ్రి ఇంటిపేరు రాదు, వై క్రోమోజోము మాత్రం వస్తది. ఇంటిపేరూ నెత్తురూ విడిపోయేది ఇక్కడే. వాడలో ఒక మగవానికి ఆర్1ఎ ఉన్నదంటే, అది మూడున్నర వేల ఏండ్ల కింది పశుపాలకుని గుర్తా, మొన్నమొన్నటి దొర గుర్తా? పైపై పరీక్షకు తెలియదు. లోతుగా చదివి, ఊళ్లోని మగవాళ్ల నమూనాలతో పోలిస్తే తెలుస్తది. అట్లా పోల్చడానికి ఊరు ఒప్పుకుంటదా?

విశాఖ నమూనాల మీదనే బామ్‌షాద్ బృందం 1998లో ఇంకో మాట చెప్పింది. తల్లి వరుసలు కింది కులాల నుంచి పై కులాలకు మెట్టు మెట్టుగా పాకినయి, తండ్రి వరుసల్లో ఆ జాడ లేదు. పైకి పోయిన ఆ ఆడవాళ్లు ఎవరు, ఇష్టంతో పోయిండ్రా, పట్టుకపోయిండ్రా? వాళ్ల పేర్లు సంస్థానం పుస్తకంలో దొరకవు, వై క్రోమోజోములో అసలే దొరకవు.