స్వరభేదం: వైద్యచరిత్ర, మాట చరిత్ర

ప్రస్తావన

‘స్వరభేదం’ అనే మాట తెలుగు సాహిత్య విద్యార్థికి మొదట అలంకారశాస్త్రంలో పరిచయమవుతుంది. భరతుని నాట్యశాస్త్రం పేర్కొన్న ఎనిమిది సాత్త్విక భావాల్లో అది ఒకటి. భయం, హర్షం, క్రోధం వంటివాటి వల్ల గొంతు తన సహజస్థితి తప్పడం దాని స్వభావం. ఆయుర్వేదంలో అదే మాట ఒక రోగానికి పేరు. రెండుచోట్లా మనిషి లోపలి స్థితికి గొంతే సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని ఏ సాధనంతో గ్రహించారన్నదే కంఠస్వర వ్యాధుల పరిశోధన చరిత్ర. చెవితో మొదలై కంటికి చేరిన ఆ చరిత్ర, చివరికి రోగి చెప్పుకొనే మాట దగ్గరికి వచ్చిందనీ, అందువల్ల అది భాషా పరిశోధకులకు కూడా సంబంధించిన విషయమనీ నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం.

ఆయుర్వేద దృష్టి

సుశ్రుతసంహిత ఉత్తరతంత్రంలో స్వరభేదానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. వాత, పిత్త, కఫ, సన్నిపాత, క్షయ, మేదస్సుల వల్ల కలిగే ఆరు భేదాలను అది వివరిస్తుంది. మిక్కిలి బిగ్గరగా మాట్లాడటాన్ని, అధ్యయనాన్ని రోగకారణాల్లో చేర్చింది. చరకసంహిత రాజయక్ష్మ లక్షణాల్లో స్వరభేదాన్ని పేర్కొంది. గొంతు మారడం దానంతట అదే ఒక రోగం కావచ్చు, లేదా మరో పెద్ద రోగానికి సూచన కావచ్చునన్న వివేకం అప్పటికే ఉన్నదని దీనివల్ల తెలుస్తుంది. అయితే బతికున్న మనిషి స్వరపేటికను కంటితో చూసే వీలు నాటి వైద్యునికి లేదు. గొంతు విషయంలో అతని ప్రధాన సాధనం చెవి.

అద్దం నుంచి ప్రశ్నావళి వరకు

అంతకుముందు కొన్ని ప్రయత్నాలు జరిగినా, స్వరపేటికను చూసే మార్గాన్ని స్థిరపరచినవాడు వైద్యుడు కాడు, గానోపాధ్యాయుడు. లండన్‌లో సంగీతం నేర్పిన మాన్యుయెల్ గార్షియా 1854లో దంతవైద్యుల చిన్న అద్దాన్ని, చేతి అద్దాన్ని, సూర్యకాంతిని ఉపయోగించి తన స్వరతంత్రుల కదలికను తానే చూశాడు. మరుసటి ఏడు తన పరిశీలనలను రాయల్ సొసైటీకి సమర్పించాడు. ట్యుర్క్, చెర్మాక్ అనే వైద్యులు ఆ పద్ధతిని రోగనిర్ధారణకు మళ్లించారు. సూర్యకాంతికి బదులు దీపకాంతిని వాడి చెర్మాక్ దాన్ని సులభతరం చేశాడు.

మాట్లాడేటప్పుడు స్వరతంత్రులు పురుషుల్లో సెకనుకు 100కు పైగా, స్త్రీలలో సుమారు 200 సార్లు కంపిస్తాయి. ఇంత వేగాన్ని మామూలు కన్ను పట్టుకోలేదు. కంపనాన్ని నెమ్మదిగా జరుగుతున్నట్లు చూపే స్ట్రోబోస్కోపును 1878లో ఎర్టెల్ స్వరపేటిక పరీక్షలో ప్రవేశపెట్టాడు. పక్షవాతానికి లోనైన స్వరతంత్రిని మధ్యకు జరిపే మృదులాస్థి శస్త్రచికిత్సను 1974లో జపాన్ వైద్యుడు ఇషికి వివరించాడు. అన్ని వ్యాధులకూ కత్తి అవసరం లేదు. గొంతును అతిగా వాడటం వల్ల స్వరతంత్రులపై ఏర్పడే బొడిపెలకు స్వరచికిత్సే తొలి చికిత్స.

ఇంత చూసిన తర్వాత కూడా ఒక వెలితి మిగిలింది. స్వరతంత్రులు ఒకే విధంగా కనిపించే ఇద్దరి బాధ ఒకటే కాకపోవచ్చు. ఆ బాధను కొలవడానికి 1997లో 30 ప్రశ్నల స్వరవైకల్య సూచిక వెలువడింది. దైనందిన వ్యవహారం, శారీరకస్థితి, మనోభావం అనే మూడు విభాగాల్లో రోగి స్వయంగా ఇచ్చే సమాధానమే ఇందులో ఆధారం.

ఉపాధ్యాయుల గొంతు

వ్యాప్తిని లెక్కించడంలోనూ రోగి మాటే కీలకం. అమెరికాలోని అయోవా, యూటా రాష్ట్రాల్లో 2,531 మందిని ప్రశ్నించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, జీవితంలో ఏదో ఒకప్పుడు స్వరసమస్య ఎదుర్కొన్నవారు ఉపాధ్యాయుల్లో 57.7 శాతం, ఇతరుల్లో 28.8 శాతం. కాని అందుకోసం వైద్యుణ్ణో వాక్చికిత్సకుణ్ణో సంప్రదించిన ఉపాధ్యాయులు 14.3 శాతమే. బాధకూ వైద్యానికీ మధ్య ఉన్న ఈ దూరం చిన్నది కాదు. 4 వారాల్లో తగ్గని బొంగురుకు స్వరపేటికను పరీక్షించాలని అమెరికన్ వైద్యుల 2018 నాటి మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. ఆలస్యమైతే స్వరపేటిక క్యాన్సర్ వంటివి గుర్తించే అదను తప్పవచ్చు.

ముగింపు

తెలుగులో గొంతు మార్పుకు బొంగురు, జీర, డగ్గుత్తిక వంటి మాటలున్నాయి. ఇవి పర్యాయపదాలు కావు. డగ్గుత్తికలో దుఃఖం ఉంది. బొంగురుకు దుఃఖంతో పనిలేదు. ‘మీకు స్వరవైకల్యం ఉందా?’ అని అడిగితే లేదనే ఉపాధ్యాయుడే, ‘పాఠాలు చెప్పి చెప్పి గొంతు పోయింది’ అని మరో సందర్భంలో అనవచ్చు. మొదటి ప్రశ్నతో తీసిన లెక్కలో అతడు చేరడు. పైగా ఆ రెండో మాటలో ఫిర్యాదు కంటే వృత్తినిష్ఠ ఎక్కువగా వినిపిస్తుంది. దాన్ని రోగంగా భావించకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు.

పద్యనాటక నటులు, హరిదాసులు, బుర్రకథకులు కూడా గొంతునే నమ్ముకొని బతికినవారు. వారి రచనలను, ప్రదర్శనలను నమోదు చేసే పరిశోధన, వారి గొంతు ఎప్పుడు మొరాయించింది, దానికి వారు ఏ పేరు పెట్టారు, ఏ చికిత్స చేసుకున్నారు అన్న ప్రశ్నలను కూడా అడగాలి. ఆ సమాధానాలు మౌఖిక సాహిత్యచరిత్రకు ఆకరాలవుతాయి. రోగిని ఏ మాటతో ప్రశ్నించాలో వైద్యునికి కూడా తెలుపుతాయి.