బంతి కూడా వేస్తాడు

బేస్‌బాల్‌లో పిచర్ అంటే బంతి విసిరేవాడు. వాడికి బ్యాటింగ్ రాకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. బేబ్ రూత్ మొదట పిచరే, 94 మ్యాచ్‌లు గెలిపించాడు. తర్వాత బ్యాట్‌తో 714 హోమ్ రన్లు కొట్టేసరికి ఆ 94 మూలన పడిపోయాయి. అమెరికన్ లీగ్ 1973లో పిచర్ బదులు బ్యాట్ పట్టడానికి వేరే ఆటగాణ్ణే తెచ్చింది. రెండూ చేసే ఒహ్తానీ వచ్చేదాకా అదే వరస.

క్రికెట్‌లో ఆ వెసులుబాటు లేదు, బౌలర్ కూడా బ్యాట్ పట్టాల్సిందే. 1932లో లార్డ్స్‌లో మన మొదటి టెస్టు. భారత్ తరఫున తొలి అర్ధశతకం కొట్టింది ఓ ఫాస్ట్ బౌలర్, అమర్ సింగ్. కెప్టెన్ సి.కె. నాయుడు. (పేరు చూసి మనవాడని మురిసిపోతాం గానీ, పుట్టింది నాగపూర్ తెలుగు కుటుంబంలో.) ఆ పర్యటనలో ఆయన 1618 పరుగులు చేశాడు, 65 వికెట్లూ తీశాడు. కానీ ఆయన పేరెత్తితే 1926లో బొంబాయిలో ఎం.సి.సి. మీద కొట్టిన 11 సిక్సర్లే చెప్తారు. ఆ 65 గురించి ఎవరైనా మాట్లాడగా నేను వినలేదు. సిక్సరైతే కథగా చెప్పుకోవచ్చు. గంటలకొద్దీ ఒకే చోట బంతి వేయడాన్ని ఏమని చెప్తాం?

మా విశాఖ నితీశ్ కుమార్ రెడ్డికీ అదే జరుగుతుందేమోనని నా బెంగ. తండ్రి ముత్యాలరెడ్డి హిందుస్థాన్ జింక్‌లో పనిచేసేవారు. ఉదయపూర్ బదిలీ అయితే, కొడుకు ఆట ఆగిపోతుందని ఉద్యోగమే వదిలేశారు. 2017-18 విజయ్ మర్చంట్ ట్రోఫీలో ఆ కుర్రాడు 1237 పరుగులు చేశాడు. నాగాలాండ్ మీద ఒక్క ఇన్నింగ్స్‌లోనే 441. అదే టోర్నీలో 26 వికెట్లు కూడా తీశాడని ఎంతమందికి తెలుసు?

2024 డిసెంబర్ 28, మెల్‌బోర్న్. ఎనిమిదో స్థానంలో దిగాడు. 99 మీద ఉండగా బుమ్రా ఔటయ్యాడు. సిరాజ్ ఆ ఓవర్లో మిగిలిన మూడు బంతులూ కాచుకున్నాడు. తర్వాత ఫోర్‌తో సెంచరీ, స్టాండ్స్‌లో తండ్రి కన్నీళ్లు. ఆ టెస్టులో నితీశ్‌కి ఒక్క వికెట్టూ పడలేదు, ఎవరూ అడగనూ లేదు.

2025 జూలై 10, మళ్లీ లార్డ్స్. నితీశ్ చేతికి బంతి వచ్చింది. మొదటి ఓవర్లోనే డకెట్, క్రాలీ ఇద్దరూ ఔట్.