శ్వాసకై నిరీక్షణ

పిడుగురాళ్ల పేరు చెప్పగనే సున్నపు బట్టీలు జ్ఞప్తికి వచ్చును. సున్నపు దుమ్ము గొంతును బాధించును. రాళ్లు కొట్టుచోట లేచు సిలికా ధూళి అంతకన్న హానికరము. ఏండ్ల తరబడి దానిని పీల్చిన ఊపిరితిత్తులు గట్టిపడును. మందులు వాటిని తిరిగి మెత్తపరుపజాలవు. అట్టివారిలో కొందరికి మిగిలిన దారి ఊపిరితిత్తుల మార్పిడి.

1963 జూన్ 11న అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రమున డాక్టరు జేమ్స్ హార్డీ మానవునికి మొట్టమొదట ఊపిరితిత్తిని అమర్చెను. రోగి 18 దినములే జీవించెను. తరువాత ఇరువది యేండ్లు ఎవరు ప్రయత్నించినను దీర్ఘకాల విజయము లభింపలేదు. పరుల అవయవమును దేహము త్రోసిపుచ్చకుండ కాపాడు సైక్లోస్పోరిన్ వచ్చిన పిమ్మట, 1983లో టొరంటోలో డాక్టరు జోయెల్ కూపర్ చికిత్స చేసిన రోగి ఆరేండ్లకు పైగా జీవించెను.

మన దేశమున 1994 నాటి చట్టము మెదడు మరణమును గుర్తించినది. కనీసము ఆరు గంటల ఎడముతో రెండుమార్లు పరీక్షించి వైద్యులు దానిని నిర్ధారింపవలెను. ఉభయ తెలుగు రాష్ట్రములలోను జీవన్‌దాన్ పథకము క్రింద రోగుల పేర్లు నమోదగుచున్నవి.

నమోదుకు ముందు పరీక్షలు కలవు. ఆరు నిమిషములలో ఎంత దూరము నడువగలడు? గుండె తాళునా? దాగిన క్షయ, క్యాన్సరు లేవు గదా? ఇంట తోడుండువారెవరు? కొంత బలమున్నవానికి మార్పిడి అప్పుడే తగదు. మరీ క్షీణించినవాడు తట్టుకొనలేడు. ఆ సన్నని గట్టుమీద నిలిచి వేచియుండవలెను. రక్తవర్గము కలియవలెను, ఛాతీ కొలత సరిపోవలెను. తీసిన ఊపిరితిత్తి కొలది గంటలే నిలుచును గనుక, పిలుపు వచ్చిన క్షణమున బయలుదేరవలెను.

ఆ పిలుపు వేరొక ఇంటి దుఃఖమునుండి వచ్చునని రోగి యెరుగును. అతడు వేచియుండునది పరుని మరణమునకు గాదు, ఆ యింటివారి అంగీకారమునకు. ఏడ్చువేళ ఆ మాట తోచదు. ఇంటిల్లిపాదియు ముందే మాట్లాడుకొనవలెను.