బడిపంతులు అడిగితే మనకెందుకు కోపం?

2022 ఆగస్టులో మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో నేనొక మాట అన్నాను. ప్రభుత్వ బడుల్లో టీచర్లు తమ సొంత ఫోన్లో ముఖం చూపించి హాజరు వేసుకోవాలని ఆ నెల 16 నుంచి కొత్త యాప్ పెట్టారు. సంఘాలు ఒప్పుకోలేదు. మా ఫోన్లలో వేసుకోం, కావాలంటే బడికి మిషను ఇవ్వండి అన్నాయి. బెంగళూరులో ఆఫీసు గేటు దగ్గర రోజూ కార్డు గీకి లోపలికెళ్లే నేను, "మేం గీకట్లేదా? టైముకొచ్చేవాళ్లకి భయమెందుకు?" అని రాశాను. కజిన్స్ అందరూ బొటనవేలు గుర్తులు పెట్టారు.

పెనుకొండ దగ్గర ఒక పల్లె బళ్లో ఎస్జీటీగా పనిచేసే మా అత్త మాత్రం ఫోన్ చేసింది.

"మీ గేటు కాడ మిషను ఎవరు కొన్నార్రా?"

"కంపెనీ, అత్తా."

"ఈడ నా ఫోను, నా డేటా. సిగ్నల్ కోసం నేను గేటు బయట నిలబడుకుంటే లోపల పిల్లోళ్లని ఎవరు చూస్తారు? నువ్వొస్తావా?"

నా దగ్గర జవాబు లేదు. పైగా నేను చేసేది సాఫ్ట్‌వేర్ పనే. ముఖం గుర్తుపట్టే ప్రోగ్రాం వెలుతురు తక్కువైతే తడబడుతుందని, నెట్‌వర్క్ లేనిచోట ఏ యాప్ అయినా ఏం చేస్తుందో నాకు తెలుసు. అదే పరిస్థితి మా టీముకి వస్తే పది ఈమెయిళ్లు పెట్టేవాణ్ని. అత్త విషయంలో మాత్రం ముందు అనుమానమే వచ్చింది. ఎందుకని వెనక్కి వెతుక్కుంటూ పోతే, ఆ అనుమానం నా ఒక్కడిదే కాదని, నా వయసుకన్నా పెద్దదని తెలిసింది.

మాది హిందూపురం. 1985లో ఎన్టీఆర్ మూడుచోట్ల గెలిచి, మిగతా రెండూ వదిలి మా ఊరి సీటే ఉంచుకున్నారు. అంతకు రెండేళ్లముందు, 1983లో, ఆయన ప్రభుత్వం ఉద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కి దించింది. వేలమంది ఒక్కసారిగా ఇంటికెళ్లారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది, 1985లో కోర్టు ప్రభుత్వం పక్షానే తీర్పిచ్చింది. ఆ తర్వాత 1986 చివర్లో ఉద్యోగులు, టీచర్లు కలిసి వేతన సవరణ కోసం 53 రోజులు సమ్మె చేశారు. నేను అప్పటికి పుట్టలేదు. మా నాన్న సమ్మెలో ఉన్న టీచరు. రెండు నెలలు జీతం లేక అంగట్లో అప్పు పెట్టిన సంగతి చెప్తాడు గానీ, ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది అది కాదు. ఆ అంగడాయనే, "మీకేం సార్, పని చెయ్యకపోయినా ఎప్పటికైనా జీతమొస్తాది" అన్నాడట. ముప్పై ఆరేళ్ల తర్వాత నేను గ్రూపులో రాసింది అదే మాటకి కొత్త వెర్షన్.

1989లో ఎన్టీఆర్ రాష్ట్రంలో ఓడిపోయారు. ఉద్యోగుల కోపం కూడా ఒక కారణమని సంఘాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. హిందూపురం మాత్రం ఆయన్నే గెలిపించింది, 1994లో మళ్లీ గెలిపించింది. సమ్మె చేసిన పంతుళ్ల ఊరు, సమ్మెను ఎదిరించిన ముఖ్యమంత్రి ఊరు, రెండూ ఒకటే. ఆ ముఖ్యమంత్రే 1972లో 'బడిపంతులు' సినిమాలో పంతులు వేషం వేశారు. 'స్కూల్ మాస్టర్' అనే కన్నడ సినిమాకి అది రీమేక్. నిజాయితీగా బతికి, ముసలితనంలో పిల్లల నిరాదరణకు గురైన ఆ పంతుల్ని చూసి జనం ఏడ్చారు. మా ఇంట్లోవాళ్లూ ఏడ్చారు. నాకు అర్థమైనంతలో మనకు ఇష్టమైన పంతులు ఆయనే. "బతకలేక బడిపంతులు" అనే సామెతలో ఉండే మనిషి. జాలిపడొచ్చు, కాళ్లకు మొక్కొచ్చు, ఆయన ఏమీ అడగడు. అదే పంతులు బ్యానర్ పట్టుకుని రోడ్డుమీదికొస్తే మన ముఖం మారిపోతుంది.

2022 సంవత్సరం మొత్తం ఈ మారే ముఖాన్ని చూపించింది. జనవరి 17 రాత్రి పీఆర్సీ జీవోలు వచ్చాయి. 2019 జులై నుంచి 27 శాతం మధ్యంతర భృతి తీసుకుంటున్నవాళ్లకు 23 శాతం ఫిట్‌మెంట్ అన్నారు, ఇంటద్దె భత్యం శ్లాబులు తగ్గించారు. జనవరి 20న టీచర్లు కలెక్టరేట్లు ముట్టడించారు. ఫిబ్రవరి 3న విజయవాడ బీఆర్‌టీఎస్ రోడ్డు నిండిపోయింది. 6 అర్ధరాత్రి నుంచి మొదలుకావాల్సిన సమ్మె, 5న జరిగిన చర్చలతో ఆగింది. ఫిట్‌మెంట్ మారలేదు కాబట్టి ఆ ఒప్పందం మాకొద్దని ఉపాధ్యాయ సంఘాలు విడిపోయాయి. ఆ వారాల్లో ఊళ్లో నేను విన్న మాట ఒకటే: "ఇంకెంత కావాలంట?"

దీన్ని ఉత్త అసూయ అని కొట్టిపారెయ్యలేను. హిందూపురం నుంచి ధర్మవరం దాకా రైల్లో వస్తే రెండు గంటల్లోపే. ఆ దారిలో మూడు రకాల బతుకులు కనిపిస్తాయి. ధర్మవరంలో నా క్లాస్‌మేట్ వాళ్ల నాన్న పట్టుచీరలు నేస్తాడు. చీరకింత కూలి. మగ్గం ఆగితే కూలి ఆగుతుంది. సమ్మె చెయ్యాలన్నా ఎవరిమీద చెయ్యాలో తెలియదు. "ఆగితే అడిగేవాడున్నాడు సూడు, అదే వాళ్ల అదృష్టం" అన్నాడాయన. పెనుకొండ మండలంలో 2019లో కియా కార్ల తయారీ మొదలైంది, చుట్టూ విడిభాగాల కంపెనీలు వచ్చాయి. అలాంటి ఒక కంపెనీలో కాంట్రాక్టు మీద చేసే పిల్లవాడు, "మాకు నిమిషం లేటైనా కట్టే అన్నా, వాళ్లకెందుకు ఉండకూడదు?" అన్నాడు. హిందూపురంలో మాలాంటి వాళ్లం బెంగళూరు రైళ్లెక్కి పోయి వారాంతంలో తిరిగొస్తాం. ముగ్గురమూ టీచర్ని మా కొలబద్దతోనే కొలుస్తున్నాం. మా పని ఇంత కష్టంగా ఎందుకుంది అని అడగడంకన్నా, వాళ్లది కూడా అంత కష్టంగా ఎందుకు లేదు అని అడగడం సులువు.

టీచర్ల మీద అనుమానానికి ఆధారాలు లేవని కూడా అనలేను. ప్రపంచ బ్యాంకు తరపున 2003లో దేశమంతా చెప్పకుండా బడులకెళ్లి చూసినప్పుడు నలుగురు టీచర్లలో ఒకరు బళ్లో లేరు. ఆ అంకె అందరి నోళ్లలో నిలిచిపోయింది. 2017లో అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ చేసిన అధ్యయనం గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. వాళ్లు వెళ్లినప్పుడు బళ్లో లేనివాళ్లు 18.5 శాతం. కానీ కారణం లేకుండా రానివాళ్లు 2.5 శాతమే. మిగతావాళ్లు సెలవులోనో, శిక్షణలోనో, ప్రభుత్వమే అప్పజెప్పిన వేరే పనిలోనో ఉన్నారు. ఆ వేరే పనుల జాబితా మా అత్త చెప్తే వినాలి. అప్పట్లో మధ్యాహ్న భోజనం ఫోటోలు, మరుగుదొడ్ల ఫోటోలు రోజూ యాప్‌లోకి ఎక్కించాల్సి వచ్చేది. 2020 మేలో విశాఖ జిల్లాలో టీచర్లను మద్యం దుకాణాల ముందు క్యూలు చూడ్డానికి కూడా నిలబెట్టారు.

ఇవన్నీ పని పరిస్థితులే. ఈ మాట మన నోళ్లలో ఆడదు, అనువాదంలా వినిపిస్తుంది. టీచర్లు ఏం అడిగినా మన చెవికి 'జీతం' అనే వినబడటానికి ఇదీ ఒక కారణమేమో.

అదే ఏడాది ఒక్కసారి మాత్రం సరిగ్గా వినబడింది. జూన్ 10న జీవో 117 వచ్చింది. కిలోమీటరు లోపల హైస్కూలుంటే ప్రాథమిక బడుల్లోని 3, 4, 5 తరగతుల్ని అందులోకి పంపాలి. మిగిలిన 1, 2 తరగతులకు పిల్లలు 30 లోపుంటే ఒకే టీచరు. దీనివల్ల పోస్టులు పోతాయి, పని పెరుగుతుందని సంఘాలు మొత్తుకున్నాయి. ఎవరూ పట్టించుకోలేదు. జులై 5న బడులు తెరిచాక, ఎనిమిదేళ్ల పిల్ల పెద్ద రోడ్డు దాటి వేరే బడికి పోవాలని తల్లిదండ్రులకు తెలిసింది. రాష్ట్రంలో చాలాచోట్ల వాళ్లే గేట్లకు తాళాలేసి కూర్చున్నారు. పెనుకొండ పక్కనుంచి పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద లారీల వేగం చూసినవాళ్లకి ఆ భయం వివరించక్కర్లేదు. పది రోజుల ముందు టీచర్లని తిట్టినవాళ్లే, టీచర్లు చెప్పిన మాటనే చెప్పారు. ఇద్దరు టీచర్లున్న బళ్లో ఒకరిని తీసేస్తే అది టీచరు కష్టమూ, పిల్లల నష్టమూ కూడా. ఈ రెండూ ఒకటేనని చెప్పడం జీతాల పోరాటంలో, యాప్ పోరాటంలో సంఘాలకు చేతకాలేదు. వాళ్ల కరపత్రాలు నేను చదివాను. అన్నీ జీవో నంబర్లు, శాతాలు. మా అత్త ఫోన్లో అడిగిన ఆ ఒక్క ప్రశ్న వాటిలో లేదు.

అది చేతనైనవాళ్లు ఉన్నారు. 2018 ఫిబ్రవరి 22న అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో 20 వేలమంది టీచర్లు సమ్మెకి దిగారు. అక్కడ అది చట్టవిరుద్ధం. తక్కువ జీతం ఒక కారణమైతే, ఆరోగ్య బీమా కోసం రోజూ ఎన్ని అడుగులేశారో చెప్పే యాప్ వాడాలని, లేదంటే నెలకు 25 డాలర్లు కట్టాలని పెట్టిన నిబంధన ఇంకో కారణం. యాప్ గొడవ అక్కడా ఉంది! కానీ సమ్మెకు ముందు వాళ్లు చేసిన పని వేరు. బడి భోజనం మీదే ఆధారపడ్డ పిల్లల కోసం ఆహారం పొట్లాలు కట్టి పంచారు. మొత్తం 55 కౌంటీల్లో బడులు మూతపడ్డా తల్లిదండ్రులు చాలామంది టీచర్ల పక్కనే నిలబడ్డారు. చివరికి 5 శాతం పెంపు వచ్చింది, టీచర్లకే కాదు, రాష్ట్ర ఉద్యోగులందరికీ.

మన దగ్గర యాప్ ఆగలేదు. 2023 జనవరి నుంచి మిగతా శాఖలకూ వచ్చింది. ఏడాదిన్నర తర్వాత మా ఆఫీసులోనూ కార్డు తీసేసి ఫోన్లో లొకేషన్ అడిగే యాప్ పెట్టారు. మా టీమంతా గోల. "మా పర్సనల్ ఫోన్లో ఎందుకు?" అని రాసిన ఈమెయిల్లో నా సంతకం కూడా ఉంది. నాలుగు రోజులయ్యాక గానీ ఆ వాక్యం ఇంతకుముందు ఎక్కడ విన్నానో గుర్తురాలేదు.

2025లో జీవో 117 రద్దయింది. మొన్న పండక్కి ఊరికెళ్లినప్పుడు అత్తకి మా ఆఫీసు యాప్ సంగతి చెప్పాను. పెద్దగా నవ్వింది. "టైముకొచ్చేవానికి భయమెందుకురా?" అంది. తర్వాత ఆమే, "మీకు సంఘం ఉందా?" అని అడిగింది.

లేదన్నాను.